గడ్డకట్టే చలిలో ఆర్‌వీ కాపురం: బండిని శీతకాలానికి సిద్ధం చేసుకునే పద్ధతి

ఆర్‌వీలో, అంటే పడక, వంటిల్లు, స్నానాల గది ఉన్న ఇల్లులాంటి బండిలో, చలికాలం గడపాలనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ‘ఎంత పెద్ద హీటరు కావాలి?’ అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మనిషికి చలేస్తే ఇంకో స్వెట్టరు వేసుకుంటాడు, దుప్పటి కప్పుకుంటాడు. నేల కింద పోయే నీళ్ల గొట్టానికి ఆ వెసులుబాటు లేదు. నీరు సున్నా డిగ్రీల దగ్గర మంచుగడ్డగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు దొరక్కపోతే దగ్గర్లో ఏది బలహీనంగా ఉంటే అది పగులుతుంది. అందుకే మొదటి ప్రశ్న ‘నా బండిలో నీళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఆ చోట్లకు వెచ్చదనం ఎలా చేరుతుంది?’ అని ఉండాలి. నీళ్లున్న చోటు వెచ్చగా, మనుషులున్న చోటు పొడిగా ఉంటే మిగతాదంతా సర్దుకోవచ్చు.

మంచు పడ్డాక మొదలుపెట్టే పని కాదిది. సీలెంట్లు, జిగురు టేపులు చాలావరకు 5 డిగ్రీల కన్నా చల్లబడిన ఉపరితలానికి సరిగా అంటుకోవు. వేళ్లు కొంకర్లు పోతుంటే బండి కింద దూరి స్క్రూలు బిగించడం ఎవరివల్లా కాదు. రాత్రుళ్లు ఇంకా పది డిగ్రీల పైన ఉండగానే చేయిపెట్టి, కింద చెప్పిన వరసలోనే చేసుకుంటూ రండి.

ముందు మీ బండి సంగతి తెలుసుకోండి

అమ్మకాల కాగితం మీద ‘నాలుగు కాలాలకూ పనికొస్తుంది’ అని రాసి ఉందని ధైర్యపడకండి. ఉత్తర అమెరికాలో ఆ మాటకు అందరూ కట్టుబడాల్సిన కొలమానం లేదు. ఒక్కో తయారీదారు ఒక్కో అర్థంలో వాడతాడు. యూరప్ బండి మీద ‘గ్రేడ్ 3’ అని ఉంటే దాని వెనక ఒక పరీక్ష ఉంది: మైనస్ 15 డిగ్రీలకు చల్లబరిచిన బండిలో హీటరు వేస్తే నాలుగు గంటల్లో లోపల 20 డిగ్రీలకు చేరాలి, నీళ్ల వ్యవస్థ పనిచేయాలి. మీ బండికి అలాంటి ముద్ర ఏదీ లేకపోతే మీ కళ్లే ఆధారం.

టార్చి పట్టుకుని బండి కింద వెల్లకిలా పడుకోండి. అడుగంతా ప్లాస్టిక్ రేకుతో మూసి ఉందా, లేక ట్యాంకులు, గొట్టాలు బయటికి కనిపిస్తున్నాయా? మూసి ఉంటే రేకు ఎక్కడైనా చిరిగిందా, జారి వేలాడుతోందా? వైర్లు, గ్యాస్ గొట్టాలు, జాకీ కాళ్లు దూరే చోట చుట్టూ ఎంత సందు ఉంది? వేలు పట్టే సందులోంచి రాత్రంతా గాలి కొడుతూనే ఉంటుంది, ఎలుక కూడా దూరుతుంది. ఇలాంటి సందుల్లో ముందు ఉక్కు పీచు కుక్కి, దానిమీద ఫోమ్ గాని సీలెంట్ గాని పట్టించండి. ఒట్టి ఫోమునైతే ఎలుక కొరికేస్తుంది.

తర్వాత ఫర్నేసు (గ్యాసు మండించి వేడి గాలిని ఊదే హీటరు) గాలి ఆ అడుగు భాగంలోకి వెళ్తోందా లేదా తేల్చుకోవాలి. ఇది ఊహతో తేలదు. రేకు ఒక మూల స్క్రూలు విప్పి, థర్మామీటరు తీగను ట్యాంకుల పక్కన పెట్టి, మళ్లీ మూసి, ఫర్నేసును అరగంట నడపండి. అంకె బాగా పెరిగిందంటే కింద గొట్టాలకు వెచ్చదనం అందుతోంది. కదల్లేదంటే ఆ గొట్టాలను మీరే కాపాడుకోవాలి. మిగతా నిర్ణయాలు చాలావరకు ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడతాయి.

నీళ్ల దారిని కాగితం మీద గీయండి

బయటి కుళాయి దగ్గర మొదలుపెట్టి, హోసు, బండిలోకి వచ్చే కనెక్షను, ఫిల్టరు, మంచినీళ్ల ట్యాంకు, పంపు, వాటర్ హీటరు, వంటింటి కుళాయి, స్నానాల గది, టాయిలెట్ వాల్వు దాకా ప్రతిదీ గీయండి. ఏది వెచ్చటి గదిలో ఉంది, ఏది బయటి గోడను ఆనుకుని ఉంది, ఏది నేల కింద ఉందో మూడు రంగుల్లో గుర్తుపెట్టండి. నేల కిందివి, బయటి గోడవి మీ శ్రద్ధంతా కోరేవి.

ఇప్పటి బండ్లలో ఎక్కువగా వాడే పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టం కాస్త సాగుతుంది కాబట్టి ఒకసారి గడ్డకట్టినా చాలాసార్లు బతికి బయటపడుతుంది. పగిలేవి ప్లాస్టిక్ అతుకులు, కుళాయి లోపలి భాగాలు, పంపు తల, ఫిల్టరు గిన్నె, టాయిలెట్ వాల్వు. అందరూ మరిచిపోయేది బండి బయటి వైపు ఉండే చిన్న షవరు. దానికి చలి తగలకుండా అడ్డుగా ఉండేది పల్చటి మూత ఒక్కటే, కాని అందులో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ గొట్టానికి లోపలి వైపు ఒక వాల్వు బిగించి, మూసి, బయటి కుళాయిని తెరిచి ఖాళీ చేసి చలికాలమంతా అలాగే వదిలేయండి. నేల కిందికి పొడుచుకొచ్చే డ్రెయిన్ గొట్టాలదీ ఇదే కథ. బెత్తెడు గొట్టం బయటికి వేలాడుతూ ఉంటుంది, ముందు గడ్డకట్టేది అదే. ఇన్సులేషన్ తొడుగు వేసి, చివర బిరడా చుట్టూ కూడా చుట్టండి. వాషింగ్ మెషీన్, ఐస్ తయారుచేసే ఫ్రిజ్ ఉంటే వాటికి వెళ్లే గొట్టాలనూ లెక్కలోకి తీసుకోండి. చలికాలంలో వాడనివాటిని నీళ్లు తీసేసి మూసేయడం నయం.

బయటి నుంచి నీళ్లు తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, కరెంటుతో వేడెక్కే హోసు. నాణ్యమైనవాటిలో చిన్న థర్మోస్టాట్ ఉంటుంది, చలి సున్నాకు దగ్గరపడగానే అదే పనిచేయడం మొదలుపెడుతుంది. కాని హోసు వేడిగా ఉన్నా కుళాయి గడ్డకడితే లాభం లేదు కాబట్టి కుళాయి మెడకు, బండి కనెక్షనుకు కూడా హీట్ టేపు (కరెంటుతో వేడెక్కే పట్టీ) చుట్టి పైన ఫోమ్ తొడుగు వేయాలి. టేపు కొనేటప్పుడు చలిని బట్టి వేడిని తనే సర్దుకునే రకం తీసుకోండి. ఎప్పుడూ ఒకే వేడి ఇచ్చే రకాన్ని ఒకదాని మీద ఒకటి పడేలా చుడితే అక్కడ కాలిపోతుంది. రెండో దారి, బండిలోని మంచినీళ్ల ట్యాంకును నింపుకుని, హోసు విప్పి, నీళ్లన్నీ కారేదాకా పైకెత్తి పట్టి, చుట్టి లోపల పెట్టుకోవడం. ట్యాంకు వెచ్చటి చోట ఉంటే నేను రెండో దారికే ఓటేస్తాను. వారానికి ఒకటి రెండుసార్లు శ్రమ ఉంటుంది గాని, రాత్రి కరెంటు పోతే హోసు ఏమైపోతుందోనన్న బెంగ ఉండదు.

ఈ దశలోనే ఇంకో చిన్న పని చేయండి. తీగ లేకుండా పనిచేసే థర్మామీటర్లు రెండు మూడు తెచ్చి, ఒకటి నీళ్ల కనెక్షన్లుండే అరలో, ఒకటి అడుగున ట్యాంకుల దగ్గర, ఒకటి వంటింటి సింకు వెనక పెట్టండి. రాత్రి కనిష్ఠాన్ని గుర్తుంచుకునే రకమైతే మంచిది. చలికాలం పొడుగునా మీరు పడక మీది నుంచే చూసే అంకెలు ఇవి. ఏ అర అయినా 4 డిగ్రీల కిందికి దిగిందంటే అక్కడ ఏదో ఒకటి చేయాలి. సున్నా దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

చుట్టూ పరదా: స్కర్టింగ్

కదలకుండా ఒకేచోట ఉండబోతుంటే అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. బండి నేలకు ఎత్తులో నిలబడి ఉంటుంది కాబట్టి గాలి దాని కింద నుంచి దూసుకుపోతూ అడుగు భాగాన్ని ఆగకుండా చల్లబరుస్తుంది. బండి అంచు నుంచి నేల దాకా చుట్టూ మూసేస్తే ఆ గాలి ఆగుతుంది, కింద ఉన్న మట్టి తనలోని కాస్త వెచ్చదనాన్ని అక్కడే నిలుపుతుంది.

తరచూ కదిలేవాళ్లకు బటన్లతో తగిలించుకునే వినైల్ పరదా వీలుగా ఉంటుంది. అది గాలిని ఆపుతుంది కాని చలిని అంతగా ఆపదు. నెలల తరబడి ఉండేవాళ్లకు గట్టి ఫోమ్ బోర్డు మేలు. ఎక్స్‌పీఎస్ అనే రకం తేమకు చెడదు, అంగుళం మందానికి ఆర్-5 నిరోధం ఇస్తుంది (వేడిని దాటనివ్వని బలానికి కొలత ఆర్, అంకె పెరిగేకొద్దీ మేలు). రెండు అంగుళాల బోర్డు వాడితే గోడలే మీ స్కర్టింగ్ కన్నా పల్చన అనిపిస్తాయి. చెక్క చట్రం కట్టి, బోర్డులను కొలతకు కోసి నిలబెట్టి, అతుకులకు టేపు వేయండి. అడుగంచు దగ్గర మట్టి గాని, మంచు గాని ఎగదోసి సందు మూయండి. గడ్డి మోపులు చౌక అని కొందరు వాడతారు. వాటిలో ఎలుకలు చేరతాయి, నిప్పు తగిలితే ఆపలేం. వద్దంటాను.

స్కర్టింగ్ వేసేటప్పుడు మూడు సంగతులు తప్పనిసరి. ఫర్నేసు, వాటర్ హీటరు పొగ బయటికి వచ్చే రంధ్రాలు పూర్తిగా స్కర్టింగ్ బయటే ఉండాలి. గ్యాస్ సిలిండర్ల అరకు అడుగున ఉండే గాలి రంధ్రాలను మూయకూడదు. బండి అడుగుకు చేరుకోవడానికి, ట్యాంకు వాల్వుల దగ్గర ఒకటి, మరోవైపు ఒకటి, తీసి పెట్టుకునే పలకలు ఉంచుకోవాలి. చలి తీవ్రంగా ఉన్న చోట స్కర్టింగ్ లోపల వేడి కోసం కరెంటు హీటరు పెట్టేవాళ్లున్నారు. పెడితే థర్మోస్టాట్ ఉన్నదే, గడ్డీగాదం, ఫోమూ తగలని గట్టి పలక మీద మాత్రమే పెట్టండి. మంట ఉన్న హీటరు ఏ రకమైనదీ బండి కింద పెట్టకూడదు.

సందులు, కిటికీలు

గాలి బాగా వీచే రోజు చూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, అగరుబత్తి వెలిగించి తలుపు అంచుల వెంట, కిటికీల చుట్టూ, స్లయిడు (గది వెడల్పు పెంచడానికి బయటికి జరిగే బండి భాగం) మూలల్లో, సింకు కింద గొట్టాలు దూరే రంధ్రాల దగ్గర తిప్పండి. పొగ వంగిన ప్రతిచోటా గాలి వస్తోందన్నమాట. తలుపు రబ్బరు గట్టిపడి ఉంటే మార్చేయండి. స్లయిడు మూలల్లో పై అంచు, కింది అంచు కలిసేచోట దాదాపు ప్రతి బండిలోనూ సందు ఉంటుంది, అక్కడ మెత్తటి ఫోమ్ ముక్క ఇరికించండి.

కిటికీలకు హెయిర్ డ్రయ్యర్ వేడికి బిగుసుకునే పారదర్శక ఫిల్మ్ తక్కువ ఖర్చుతో మంచి మేలు చేస్తుంది. ఇక్కడ పనిచేసేది ఫిల్మ్ కాదు, దానికీ అద్దానికీ మధ్య కదలకుండా నిలిచిన గాలి. అందుకే అద్దానికి అంటుకుపోకుండా చట్రం మీద అతికించాలి. పడుకునే వైపు, ఎండ రాని వైపు కిటికీలకు ఫోమ్ బోర్డు ముక్కలు కోసి బిగించవచ్చు. ఎండ వచ్చే వైపు పగలు తెరిచి ఉంచండి, ఊరికే వచ్చే వేడిని వదులుకోవడం దేనికి? వెండిరంగు బుడగల షీటును కిటికీకి అదిమి అంటిస్తే పెద్దగా ఫలితం ఉండదు, దానికి కూడా ముందు కాస్త గాలి ఖాళీ కావాలి. అత్యవసరంగా దూకడానికి పెట్టిన కిటికీని మాత్రం ఏ బోర్డుతోనూ స్క్రూలు వేసి బిగించకండి. చీకట్లో ఒక్క గుంజుతో తెరుచుకోవాలి.

పైకప్పు గాలి మార్గాల్లో ఇమిడే దిండ్లు దొరుకుతాయి. అన్నీ మూయకండి, స్నానాల గదిది ఒకటి తెరవడానికి వీలుగా ఉండాలి. కారణం తేమ దగ్గర చెబుతాను.

వేడి ఎక్కడినుంచి

చాలా ఆర్‌వీల్లో అసలు ఆధారం ప్రొపేన్ ఫర్నేసు. గంటకు 30,000 బీటీయూల (బీటీయూ వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేసు దాదాపు 8.8 కిలోవాట్ల వేడి పుట్టిస్తుంది, అందులో కొంత పొగతో బయటికి పోతుంది. 1,500 వాట్ల కరెంటు హీటరు ఇచ్చేది సుమారు 5,100 బీటీయూలు. అంటే ఫర్నేసుకు సాటి రావాలంటే అలాంటివి ఐదారు కావాలి. ఉత్తర అమెరికా క్యాంపు స్థలాల్లో సాధారణంగా దొరికే 30 ఆంప్‌ల కనెక్షను 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లే ఇస్తుంది. రెండు హీటర్లు వేస్తే ఇక మైక్రోవేవ్‌కు మిగిలేది లేదు.

ఇక్కడే చాలామంది బండ్లు దెబ్బతింటాయి. గ్యాసు ఆదా చేద్దామని కరెంటు హీటర్లతో గది వెచ్చగా పెట్టుకుంటారు. గోడ మీద ఉన్న థర్మోస్టాట్ ‘వెచ్చగానే ఉంది కదా’ అనుకుని ఫర్నేసును నడపదు. ఫర్నేసు నడవకపోతే అడుగు భాగానికి వేడి గాలి వెళ్లదు. పైన మనం హాయిగా నిద్రపోతుంటే కింద గొట్టాలు గడ్డకడతాయి. మీ అడుగు భాగానికి వేడి ఫర్నేసు నుంచే వస్తుంటే, మంచు కురిసే రాత్రుళ్లు కరెంటు హీటరును తగ్గించి ఫర్నేసు మాటిమాటికీ నడిచేలా చూడండి. కరెంటు హీటరు ఫర్నేసుకు తోడుగా ఉండాలే గాని, దాని చోటును ఆక్రమించకూడదు.

గ్యాసు లెక్క ముందే వేసుకోండి. ఆ ఫర్నేసు ఆగకుండా మండితే గంటకు 600 గ్రాముల పైచిలుకు ప్రొపేన్ తాగుతుంది. 9 కిలోల సిలిండరు సుమారు 14 గంటలు. గంటలో అరగంట మండే చలిలో ఒక్క రోజు దాటి కాస్త వస్తుంది. రెండు సిలిండర్లు, ఒకటి అయిపోగానే రెండోదానికి దానంతటదే మారే రెగ్యులేటరు పెట్టుకుంటే తెల్లవారుజామున లేచి బయటికి పరుగెత్తాల్సిన పని ఉండదు. నెలల తరబడి ఉంటే గ్యాసు సరఫరాదారు దగ్గర పెద్ద ట్యాంకు అద్దెకు తీసుకోవడం మేలు.

సిలిండరులో ఏముందో కూడా చూసుకోండి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే ఆగిపోతుంది. బ్యూటేన్ కలిపిన గ్యాసు అమ్మే చోట చలికాలానికి ఒట్టి ప్రొపేనే అడగండి. ఒట్టి ప్రొపేన్ అయినా, విపరీతమైన చలిలో, సిలిండరు అడుగంటుతున్నప్పుడు ఒత్తిడి తగ్గి మంట నీరసిస్తుంది. అందుకని మంచు తుపాను ముందు నిండు సిలిండరుతో ఉండండి. రెగ్యులేటరు గాలి రంధ్రం మీద మంచు పేరుకోకుండా కప్పు ఉంచండి. సిలిండరును వేడి చేయడానికి దానికోసమే తయారుచేసిన విద్యుత్ తొడుగు తప్ప మరేదీ వాడకూడదు.

అలారాలు, తప్పించుకునే దారి

ఇది పూర్తికాకుండా బండిలో ఒక్క రాత్రి కూడా హీటరు వేసుకుని పడుకోకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. తలనొప్పి, వికారం, మత్తుగా నిద్ర వస్తాయి, మంచు రోజుల్లో ఎవరైనా జలుబనుకుంటారు. పడకల దగ్గర ఒక అలారం ఉండాలి, దాని వెనక రాసిన గడువు తేదీ దాటకూడదు. ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి కారితే నేలబారుగా పేరుకుంటుంది. దాని అలారం నేలకు దగ్గరగానే ఉండాలి. పొగ అలారం పైన. మంటలార్పే సిలిండరు తలుపు పక్కన.

వంట పొయ్యిని వెచ్చదనం కోసం వెలిగించకండి. పొగ బయటికి పోయే దారి లేని గ్యాసు హీటరు వాడక తప్పకపోతే దాని పుస్తకంలో చెప్పినంత మేర కిటికీ, పైకప్పు మార్గం తెరిచి ఉంచండి, అది వెలుగుతుండగా నిద్రపోకండి. మంచు కురిసిన ప్రతిసారీ బూట్లు వేసుకుని వెళ్లి ఫర్నేసు పొగ రంధ్రం ముందు మంచు తోడేయండి. గాలికి ఎగిరొచ్చిన మంచు ఒక్క రాత్రిలోనే దాన్ని పూడ్చేయగలదు.

తేమ: కనిపించకుండా చేసే చెరుపు

చలి గొట్టాలను పగలగొడితే, తేమ బండి గోడలను లోపల్నుంచి కుళ్లబెడుతుంది. మనం ఊపిరి వదులుతాం, వంట చేస్తాం, స్నానం చేస్తాం, తడిబట్టలు ఆరేస్తాం. ఆ ఆవిరంతా చిన్న పెట్టెలాంటి గదిలోనే తిరుగుతుంది. పొగ గొట్టం లేని గ్యాసు హీటరైతే కిలో ప్రొపేన్ మండినప్పుడు దాదాపు 1.6 కిలోల నీటిని ఆవిరిగా గదిలోకే వదులుతుంది. గది 20 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్నప్పుడు 9 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు పట్టడం మొదలవుతుంది. అద్దం, అల్యూమినియం చట్రం, అలమరా వెనక గోడ, పరుపు అడుగు అన్నీ ఆ లెక్కలోకి వస్తాయి.

తేమను కొలిచే చిన్న హైగ్రోమీటరు కొనుక్కుని తేమను 50 శాతం లోపు, చలి బాగా ముదిరినప్పుడు 40 లోపు ఉంచండి. దానికి అన్నిటికన్నా సులువైన మార్గం వినడానికి విడ్డూరంగా ఉంటుంది: బయటి చల్లగాలిని కొద్దిగా లోపలికి రానివ్వడం. మైనస్ 10 డిగ్రీల గాలి ఘనమీటరుకు రెండు గ్రాముల పైచిలుకు ఆవిరినే మోయగలదు. అదే గాలి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాముల దాకా మోస్తుంది. బయటి గాలి లోపలికొచ్చి వేడెక్కగానే దాహంతో ఉంటుందన్నమాట. వంట చేసేటప్పుడు గిన్నెల మీద మూతలు పెట్టి ఫ్యాను వేయండి. స్నానం చేశాక గోడలు తుడిచి, పైకప్పు మార్గం పావుగంట తెరవండి. కాస్త గ్యాసు ఎక్కువ ఖర్చవుతుంది. గోడ మార్చే ఖర్చుతో పోలిస్తే అదేం కాదు.

డీహ్యూమిడిఫయరు (గాలిలోని తేమను లాగేసే యంత్రం) కొంటే, చల్లటి గదుల్లో కంప్రెసరు రకం చతికిలబడుతుంది, తేమను పీల్చే రసాయన చక్రం తిరిగే రకం నిలబడుతుంది. పరుపు కింద మాత్రం యంత్రమేదీ పనిచేయదు. అక్కడ గాలి ఆడేలా చెక్క పట్టీలో, గట్టి ప్లాస్టిక్ జాలీయో వేయండి. వారానికోసారి పరుపు ఎత్తి చేయి పెట్టి చూడండి. బయటి గోడను ఆనుకున్న అలమరాల తలుపులు రాత్రుళ్లు బెత్తెడు తెరిచి ఉంచితే వెచ్చటి గాలి లోపలికి పోతుంది, సింకు కింద గొట్టాలకూ అదే రక్ష.

మురుగు ట్యాంకులు

గ్రే (సింకు, స్నానం నీళ్లు చేరేది), బ్లాక్ (టాయిలెట్ మురుగు చేరేది) ట్యాంకుల వాల్వులు రెండూ మూసి ఉంచండి. వాల్వు తెరిచి వదిలేస్తే నీళ్లు సన్నగా కారుతూ గొట్టంలో పొరలు పొరలుగా గడ్డకట్టి చివరికి దారి మూసుకుపోతుంది. ట్యాంకు మూడొంతులు నిండాక ఒక్కసారిగా వదిలితే వేగంగా, వెచ్చగా పోతుంది. ఒకేచోట ఉండేవాళ్లు వంగే హోసుకు బదులు గట్టి పీవీసీ గొట్టం, అడుగుకు పావు అంగుళం వాలుతో బిగించుకుంటే ఎక్కడా నీరు నిలవదు.  వదిలాక లోపల ఏమీ మిగలకుండా చూసి, వాల్వు మూసేయండి.

అడుగు మూసిలేని బండికి ట్యాంకు కింద అంటించే హీటింగ్ ప్యాడ్లు పెట్టుకోండి. అవి ట్యాంకు చల్లబడగానే పనిచేసి, వెచ్చబడగానే ఆగుతాయి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఆపేయాలి. వాల్వు బిగుసుకుపోకుండా గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా ఆపే ద్రవం) రెండు మూడు గ్లాసులు ట్యాంకులో పోయవచ్చు. అది ప్రొపిలీన్ గ్లైకాల్. కారు రేడియేటరులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని బండి నీళ్ల దరిదాపులకు కూడా తేకండి.

బ్యాటరీ, కరెంటు

ఫర్నేసు గ్యాసుతో మండినా దాని ఫ్యాను 12 వోల్టుల మీద నడుస్తుంది. బ్యాటరీ దిగిపోయి ఫ్యాను నీరసంగా తిరిగితే, గాలి చాలదని గుర్తించే స్విచ్ మంట వెలగనివ్వదు. నిండా గ్యాసు ఉండీ చలికి వణకాల్సి వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జి చేస్తే లోపలి కణాలు శాశ్వతంగా పాడవుతాయి, కాబట్టి దాన్ని వెచ్చటి అరలోకి మార్చండి, లేదా లోపలే హీటరు ఉన్న రకం తీసుకోండి. సీసపు బ్యాటరీ చలిలో బలం తగ్గినా, నిండా చార్జి ఉంటే మైనస్ 50 దాకా కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగిపోతే మాత్రం మైనస్ 10 లోపే గడ్డకట్టి పగలగలదు. బయటి కరెంటు ప్లగ్గును హీటరు గంటసేపు నడిచాక ముట్టి చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ కనెక్షను మార్చాల్సిందే.

మంచు కురిసే రాత్రి, గడ్డకట్టిన ఉదయం

వాతావరణ సూచన మైనస్ 15 అంటే పడుకోబోయే ముందు చేయాల్సినవి కొన్ని. ట్యాంకు నింపి హోసు విప్పడం, రెండు మూడు క్యానుల తాగునీళ్లు గదిలో పెట్టుకోవడం, సింకు కింద తలుపులు తెరవడం, ఫర్నేసు థర్మోస్టాట్‌ను బాగా తగ్గించకుండా ఉంచడం. కరెంటు పోయినా నడిచే రెండో వేడి మార్గం ఏదో ఒకటి ఉండాలి. డీజిల్ హీటరున్నవాళ్లు ట్యాంకులో చలికాలపు డీజిలే ఉందో లేదో ముందే చూసుకోవాలి, వేసవి డీజిలు చలికి మైనంలా ముద్దకట్టి ఫిల్టరును మూసేస్తుంది.

పొద్దున కుళాయి తిప్పితే నీళ్లు రాకపోతే కంగారుపడకండి. పంపు ఆపేయండి. కుళాయి తెరిచి ఉంచండి, కరిగిన నీటికి, ఆవిరికి దారి కావాలి. అరల్లోని థర్మామీటర్లను చూస్తే గడ్డ ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. హెయిర్ డ్రయ్యరుతో కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి నెమ్మదిగా వేడి చేస్తూ వెళ్లండి. మంట ఉన్న టార్చి, మరిగే నీళ్లు వద్దు. ఒకటి ప్లాస్టిక్‌ను కాలుస్తుంది, రెండోది పగలగొడుతుంది. నీళ్లు రావడం మొదలయ్యాక పంపు వేసి, ఆపి, పావుగంట నిశ్శబ్దంగా ఉండండి. ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు దానంతటదే టక్కుటక్కుమంటోందంటే ఎక్కడో కారుతోందని అర్థం. టార్చి తీసుకుని మీరు గీసిన నీళ్ల దారి వెంట ప్రతి అతుకూ ముట్టి చూడాలి.

చలికాలం మధ్యలో బండి కదల్చాల్సి వస్తే

స్లయిడు లోపలికి లాగే ముందు దాని పైకప్పు మీద మంచును మెత్తటి బ్రష్షుతో పూర్తిగా తోసేయండి. మంచు ముక్క ఒక్కటి లోపలికొచ్చినా సీలును చించుతుంది, కరిగి నేలను తడుపుతుంది. బండి పైకప్పు రబ్బరు పొర మీద ఇనుప పార వాడకండి. జారే పైకప్పు ఎక్కడం కన్నా నేల మీద నిలబడి పొడవు కర్ర బ్రష్షు వాడటం నయం. స్లయిడు రబ్బరు సీలుకు సిలికాన్ స్ప్రే ముందే పట్టించి ఉంటే అతుక్కుపోదు. జాకీల కింద మొదట్లోనే చెక్క పలకలు వేసి ఉంటే అవి నేలకు గడ్డకట్టి ఇరుక్కోవు. ఇంజిను ఉన్న బండి అయితే బ్లాక్ హీటరును (ఇంజినును వెచ్చబరిచే కరెంటు హీటరు) కొన్ని గంటల ముందే పెట్టండి. చివరగా టైర్లు. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ గాలి ఒత్తిడి సుమారు 2 శాతం పడిపోతుంది, అంటే ఎండాకాలంలో సరిగ్గా నింపిన టైరు మంచులో మెత్తబడే ఉంటుంది. బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉండగానే కొలిచి, తయారీదారు చెప్పిన అంకెకు నింపండి.